క్రోమియం పూత కాఠిన్యము

1900లో స్వీడను దేశపు ఇంజనీరు బ్రినెల్, గట్టి ఉక్కు గుండును లోహముపై నొక్కి, పడిన గుంటను కొలిచి కాఠిన్యమునకు ఒక అంకె కట్టవచ్చునని చూపెను. పెద్ద దిమ్మెలకు ఆ పద్ధతి చాలును. 1920 దశకములో ఉక్కు భాగములకు క్రోమియం పూత వాడుకలోనికి రాగా చిక్కు వచ్చిపడెను.

పూత మందము 0.025 మిల్లీమీటరు అనుకొందము. రాక్‌వెల్ ‘సి’ పద్ధతిలో వజ్రపు శంకువును 150 కిలోల బరువుతో నొక్కుదురు. 40 అంకె గల ఉక్కులో దాని మొన సుమారు 0.12 మిల్లీమీటరు దిగును. అనగా పూతను ఛేదించుకొని అడుగునకు పోవునన్నమాట! అప్పుడు యంత్రము చూపునది చాలవరకు ఉక్కు కాఠిన్యమే. మంచి పూత వేసిన పనివాడు ఊరక నింద మోయవలసివచ్చును.

ఇంగ్లండులో వికర్స్ సంస్థకు చెందిన స్మిత్, శాండ్లండ్ 1922లో 136 డిగ్రీల వజ్రపు పిరమిడ్‌ను గూర్చి ప్రకటించిరి. 1939లో అమెరికాలో నూప్ మొదలగువారు ఇంకను లోతు తక్కువ గుంట చేయు కోలవజ్రమును తెచ్చిరి. 900 వికర్స్ కాఠిన్యము గల క్రోమియంపై 100 గ్రాముల బరువుతో పిరమిడ్‌ను నొక్కినచో గుంట కర్ణము 0.014 మిల్లీమీటరు, లోతు అందులో ఏడవ వంతు, అనగా 0.002 మాత్రమే. గుంట లోతు పూత మందములో పదవ వంతు మించరాదను నియమము ఇచ్చట చెల్లినది. అంత చిన్న గుంటను సూక్ష్మదర్శినితోనే కొలువవలెను.

అందుచేత నిర్దేశ పత్రములో ‘900’ అని మాత్రమే వ్రాసిన చాలదు. ఏ పద్ధతి, ఎంత బరువు, పూత ఎంత మందము అనునవియు దాని ప్రక్కన ఉండవలెను.