"నివాసములు" అను మాట

భూస్థాపన కూడికలలో యోహాను సువార్త 14వ అధ్యాయము 2వ వచనము మీరు ఎన్నోసార్లు విని ఉంటారు. మనము వాడే తెలుగు బైబిలులో అక్కడ "నివాసములు" అని ఉంది. ఇంగ్లీషులో "మాన్షన్స్" అని చూచినవారు పరలోకములో ఒక్కొక్కరికి ఒక్కొక్క బంగళా ఉంటుందని చెబుతుంటారు. బ్రతుకంతా అద్దె ఇంట్లో గడిపిన తల్లికి ఆ మాట ఎంతో ఆదరణ; దానిని నేను తేలికగా చూడను. అయితే ప్రభువు బంగళాల గురించే మాట్లాడాడా?

గ్రీకులో ఆ మాట "మోనే". నిలిచియుండుట అనే అర్థముగల "మెనో" నుండి వచ్చింది. జెరోము లాటిన్‌లో "మాన్సియో" అని పెట్టాడు. రోమా రాజమార్గములలో ప్రయాణికులు రాత్రి బస చేసే మజిలీకి కూడా అదే పేరు. సంఖ్యాకాండము 33వ అధ్యాయములో ఇశ్రాయేలీయులు దిగిన చోట్లకూ ఆయన అదే మాట వాడాడు. విలియం టిండేల్ 1526లో దానిని ఇంగ్లీషు క్రొత్త నిబంధనలోకి తెచ్చాడు. 1611లో కింగ్ జేమ్స్ బైబిలు అలాగే ఉంచింది. ఉండే చోటు అనే అర్థము అప్పుడు వాడుకలో ఉంది. ధనవంతుల భవనమనే అర్థము తర్వాత దానిని తోసివేసింది.

"మోనే" క్రొత్త నిబంధనలో రెండే చోట్ల కనబడుతుంది. రెండవది అదే అధ్యాయము 23వ వచనము, తీసి చూడండి. అక్కడ వచ్చి ఉండేది మనము కాదు, తండ్రియు కుమారుడును, ప్రభువును ప్రేమించువాని యొద్ద! కింగ్ జేమ్స్ ఇక్కడ వేరే మాట వాడినందున ఇంగ్లీషు చదువరికి ఈ సంబంధము తెలియదు. మన తెలుగులో రెండు చోట్లా నివాసమే.