బోస్టన్ పోగొట్టుకున్న కాఫీ

అమెరికాలో ఎక్కడికెళ్లినా మంచి కాఫీ దొరుకుతుందని మన దగ్గర చాలామందికి ఓ నమ్మకం. యాభై ఏళ్ల కిందట అలా ఉండేది కాదు. ఎప్పుడో వేయించి, పొడి చేసి, డబ్బాల్లో నింపిన సరుకును కొని పల్చగా కాచుకోవడమే సగటు ఇంటి కాఫీ. చాలా హోటళ్లలో గంటల తరబడి వేడి మీద ఉన్నదాన్నే మళ్లీ మళ్లీ కప్పుల్లో పోసేవారు.

1974లో కాలిఫోర్నియా నుంచి బోస్టన్‌కు కాపురం మార్చిన జార్జ్ హవెల్‌కు ఇది మింగుడు పడలేదు. కాలిఫోర్నియాలోని బర్క్‌లీలో 1966లో ఆల్‌ఫ్రెడ్ పీట్ తెరిచిన దుకాణం పుణ్యమా అని ఆ ప్రాంతం వాళ్లకు తాజాగా వేయించిన గింజల రుచి అప్పటికే అలవాటైంది. ఆ రుచి కోసం హవెల్ 1975లో బోస్టన్ పక్కనున్న కేంబ్రిడ్జిలోని హార్వర్డ్ స్క్వేర్‌లో ‘కాఫీ కనెక్షన్’ తెరిచారు. అదే ఏడాది జులైలో బ్రెజిల్ తోటలు మంచుకు మాడిపోయి, తర్వాత రెండేళ్లలో కాఫీ ధర ఆకాశాన్నంటింది. అయినా కొట్టు నిలదొక్కుకుంది.

కొట్టు గోడల మీద మెక్సికో హుయిచోల్ ఆదివాసుల చిత్రాలు ఉండేవి. మైనం పూసిన పలక మీద రంగురంగుల నూలు అతికించి చేసే చిత్రాలవి. బల్ల మీదికి గాజు కూజా వచ్చేది. అడుగున బరకగా మరపట్టిన పొడి, పైన వేడి నీళ్లు. నాలుగు నిమిషాలు ఆగి, జల్లెడ బిగించిన కాడను మెల్లగా కిందికి నొక్కితే పొడి అడుక్కి దిగిపోయేది, పైన డికాక్షన్ మిగిలేది. తొందరపడేవాళ్ల కోసం పెట్టిన ఏర్పాటు కాదది.

హవెల్ గింజల్ని నల్లగా మాడనిచ్చేవారు కాదు, లేత రంగులోనే దించేసేవారు. బాగా వేయించి, చికోరీ కలిపి, చిక్కటి పాలు పోసుకునే మనకు ఆ కాఫీ మొదటి గుక్కలో పుల్లగా అనిపించవచ్చు. కానీ కెన్యా గింజకూ గ్వాటెమాలా గింజకూ ఉన్న తేడా నాలుకకు తెలిసేది అలా వేయించినప్పుడే. పండిన నేల రుచి కప్పు దాకా రావాలన్నది ఆయన పట్టుదల.

1992లో సియాటిల్ కంపెనీ స్టార్‌బక్స్ వాటాలు స్టాక్ మార్కెట్‌కెక్కాయి. ఆ డబ్బుతో అది ఊరూరికీ విస్తరించసాగింది. పోటీ తప్పదని గ్రహించిన కాఫీ కనెక్షన్ కూడా పెట్టుబడి తెచ్చి శాఖలు పెంచింది. అవి ఇరవై దాటాయి. అయినా 1994లో ఆ కంపెనీ సుమారు 2 కోట్ల 30 లక్షల డాలర్లకు స్టార్‌బక్స్ చేతికి వెళ్లిపోయింది. రెండేళ్లు తిరిగేసరికి పాత బోర్డులు పోయాయి, ముదురుగా వేయించిన కాఫీ వచ్చింది.

మిగిలింది ఒక పేరు. బోస్టన్ వైపు ఐస్‌క్రీం కలిపిన పాలను ‘ఫ్రాప్’ అంటారు. దాన్నీ కాపుచినోనూ జోడించి కాఫీ కనెక్షన్ ‘ఫ్రాపుచినో’ అనే చల్లని పానీయం అమ్మింది. స్టార్‌బక్స్ తయారీ పద్ధతి మార్చి 1995లో తన దుకాణాల్లో పెట్టింది. హైదరాబాద్ కుర్రకారు ఇప్పుడు తాగేది దాన్నే. ఇరవై ఏళ్ల శ్రమలో లోకానికి తెలిసింది ఆ తీపి పానీయం ఒక్కటే కావడం నిజంగా బాధాకరం.

హవెల్ అసలు కానుక వేరే ఉంది. ‘కప్ ఆఫ్ ఎక్సలెన్స్’ పోటీని మొదలుపెట్టినవారిలో ఆయన ఒకరు. 1999లో బ్రెజిల్‌లో అది తొలిసారి జరిగింది. ఏ తోటదో చెప్పకుండా న్యాయనిర్ణేతలకు కాఫీ రుచి చూపిస్తారు. గెలిచిన గింజల్ని ఇంటర్నెట్‌లో వేలం వేస్తారు. దళారుల లెక్కల్లో కలిసిపోయే చిన్న రైతు పేరు అక్కడ బయటికి వస్తుంది, ధరా వస్తుంది. ఇరవై దుకాణాల కంటే ఇది పెద్ద పని.

తర్వాత హవెల్ తన పేరు మీదే మళ్లీ కాఫీ వ్యాపారం పెట్టి, బోస్టన్ నడిబొడ్డున దుకాణం తెరిచారు. పిల్లల దగ్గరికి ఆ ఊరు వెళ్లే తెలుగువాళ్లు ఒకసారి అక్కడికి వెళ్లి, పాలూ పంచదారా లేకుండా ఒక కప్పు రుచి చూడండి.