కప్పు గోవాలో, ఖాళీ కుర్చీలు గచ్చిబౌలిలో

2022 మార్చి 20, ఆదివారం రాత్రి. గోవాలోని ఫతోర్దా స్టేడియం కిటకిటలాడుతోంది. ఎటు చూసినా పసుపే. ఇండియన్ సూపర్ లీగ్ ఫైనల్లో పసుపు జెర్సీ తొడుక్కున్నది హైదరాబాద్ ఎఫ్‌సీ. గ్యాలరీల్లో పసుపు చొక్కాలతో ఊగిపోతున్నది మాత్రం అవతలి జట్టు కేరళ బ్లాస్టర్స్ మనుషులు. లీగ్ పట్టికలో పైన నిలిచినందుకు రంగు హైదరాబాద్‌కు దక్కింది. జనం దక్కలేదు.

68వ నిమిషంలో రాహుల్ కె.పి. కేరళకు గోల్ కొట్టాడు. స్టేడియం దద్దరిల్లింది. ఇక అయిపోయిందనుకున్న వేళ, 88వ నిమిషంలో, మధ్యలో దిగిన సాహిల్ తవోరా పెనాల్టీ బాక్స్ బయట నుంచి బంతిని గాల్లోనే అందుకుని బాదాడు. 1-1. అదనపు సమయంలోనూ ఏమీ తేలలేదు. ఇక పెనాల్టీలు.

గోల్‌పోస్టుల మధ్య లక్ష్మీకాంత్ కట్టిమణి. గోవా మనిషే. 2015 డిసెంబరులో ఇదే మైదానంలో, ఇదే కప్పు ఫైనల్లో ఎఫ్‌సీ గోవాకు కాపలా కాస్తూ, ఆఖరి క్షణాల్లో బంతిని తన గోల్లోకే నెట్టుకున్నవాడు. ఆ కప్పును చెన్నైయిన్ ఎత్తుకుపోయింది. ఇప్పుడు మళ్లీ అదే గడ్డి మీద నిలబడ్డాడు. లెస్కోవిచ్ కొట్టిన మొదటి కిక్ ఆపాడు. నిషు కుమార్‌ది ఆపాడు. గీత దాటి ముందుకొచ్చాడని రిఫరీ మళ్లీ కొట్టించాడు. మళ్లీ ఆపాడు! జీక్సన్ సింగ్‌దీ ఆపాడు. హాలీచరణ్ నర్జారీ కొట్టిన కిక్ వల తాకగానే, పెనాల్టీల్లో 3-1తో హైదరాబాద్ ఛాంపియన్ అయింది.

సికింద్రాబాద్‌లో ఒక ఇంట్లో టీవీ ముందు ఒకతను కుర్చీలోంచి ఎగిరి దూకాడు. పక్కనే ఎనభై ఏళ్ల తండ్రి. ఆయన మాత్రం కదల్లేదు.

“కప్పు గెలిచిన్రు. మంచిదే. మరి మనూళ్లె ఎప్పుడాడ్తరు?”

కొడుకు దగ్గర జవాబు లేదు. కోవిడ్ మూలాన రెండు సీజన్ల పాటు లీగ్ మొత్తం గోవాలోనే, బయోబబుల్‌లో నడిచింది. ఛాంపియన్ అయిన సీజన్లో హైదరాబాద్ జట్టు హైదరాబాద్‌లో ఒక్క మ్యాచ్ కూడా ఆడలేదు.

ఈ అభిమానికి పేరు పెట్టడం లేదు. గచ్చిబౌలి గ్యాలరీలో కూర్చున్న పలువురిని కలిపి ఒక్క మనిషిగా చేసి చెబుతున్న కథ ఇది. మాటలు ఊహించి రాసినవి. మ్యాచ్‌లు, తేదీలు, స్కోర్లు జరిగినవి జరిగినట్టే.

అసలు ఈ జట్టు పుట్టుకే ఇంకో ఊరి దుఃఖం మీద జరిగింది. 2019లో డబ్బు కష్టాలతో ఎఫ్‌సీ పుణె సిటీ మూతపడింది. లీగ్‌లో ఆ ఖాళీ అయిన చోటు హైదరాబాద్‌కు వచ్చింది. పుణె అభిమానులు పోగొట్టుకున్నదే మనకు దొరికిందన్నమాట. అప్పుడు మనలో ఎంతమందిమి దాని గురించి ఆలోచించాం?

మొదలే అవమానం. 2019 అక్టోబరు 25న కోల్‌కతాలో ఏటీకే చేతిలో 5-0. తర్వాత జంషెడ్‌పూర్‌లో ఇంకో ఓటమి. నవంబరు 2, శనివారం, గచ్చిబౌలిలోని జి.ఎం.సి. బాలయోగి స్టేడియంలో మొదటి హోమ్ మ్యాచ్. ఎదురుగా కేరళ బ్లాస్టర్సే. మన అభిమాని సికింద్రాబాద్‌లో మెట్రో ఎక్కాడు. తండ్రిని వెంట తీసుకెళ్లాడు. ఐటీ కంపెనీల్లో పనిచేసే మలయాళీలు సగం స్టాండు పసుపు చేసేశారు. మొదటి గోల్ కూడా వాళ్లదే, అదే రాహుల్ కె.పి. తర్వాత మార్కో స్టాంకోవిచ్ పెనాల్టీతో సమం చేశాడు. 81వ నిమిషంలో మార్సెలీన్యో ఫ్రీకిక్ గోడ దాటి వంపు తిరిగి వలలో పడింది. 2-1.

ముసలాయన అప్పుడు మాత్రం లేచి నిలబడ్డాడు. “రహీం సాబ్ ఉంటే సంతోషపడేటోడు,” అన్నాడు.

ఆ మాటకు అర్థం తెలియాలంటే ఫతే మైదాన్ కాలానికి వెళ్లాలి. ఇప్పటి లాల్ బహదూర్ స్టేడియం అదే. సయ్యద్ అబ్దుల్ రహీం శిక్షణలో హైదరాబాద్ సిటీ పోలీస్ జట్టు 1950లో డ్యూరాండ్ కప్ గెలిచింది. 1950 నుంచి 1954 దాకా వరుసగా ఐదేళ్లు బొంబాయిలో రోవర్స్ కప్ గెలిచింది. కోల్‌కతా పెద్ద జట్లను మన పోలీసులు ఓడిస్తుంటే బొంబాయి నోరెళ్లబెట్టి చూసింది. 1956 మెల్‌బోర్న్ ఒలింపిక్స్‌లో భారత్ నాలుగో స్థానంలో నిలిచింది. కోచ్ రహీమే, జట్టులో హైదరాబాదీలూ చాలామందే. 1962లో జకార్తా ఆసియా క్రీడల స్వర్ణమూ ఆయన చేతి మీదుగా వచ్చిందే. మరుసటి ఏడాది క్యాన్సర్ ఆయన్ను తీసుకుపోయింది. సికింద్రాబాద్ పక్కన అమ్ముగూడలో పుట్టిన తులసీదాస్ బలరామ్ ఆ స్వర్ణ జట్టు ముందు వరసలో ఆడినవాడు. మన ముసలాయన చిన్నప్పుడు గోడెక్కి చూసింది ఆ తరాన్ని. అందుకే “హైదరాబాద్‌లో ఫుట్‌బాల్ ఎవడు చూస్తాడు?” అని ఎవరైనా అంటే ఆయనకు ఒళ్లు మండేది.

ఇక ఆ మొదటి సీజన్ సంగతి. 18 మ్యాచ్‌లు, 10 పాయింట్లు, పట్టికలో అట్టడుగు. కోచ్ ఫిల్ బ్రౌన్‌ను మధ్యలోనే పంపించేశారు. తర్వాత స్పెయిన్ నుంచి మనోలో మార్కెజ్ వచ్చాడు, కుర్రాళ్లను నమ్మాడు, గోవాలో కప్పు తెచ్చాడు.

జట్టు మళ్లీ సొంత ఊళ్లో ఆడింది 2022 అక్టోబరులో. ఛాంపియన్‌గా. బెంగళూరు మీద ఒగ్బెచే గోల్‌తో 1-0. ఆ సీజన్ అంతా జట్టు పైనే ఉంది. 42 పాయింట్లతో రెండో స్థానం. గ్యాలరీలో డక్కన్ లీజియన్ అభిమానుల డ్రమ్ములు మోగాయి. మన అభిమాని ఆఫీసులో జెర్సీ వేసుకుని తిరిగాడు. ఫిబ్రవరిలో బలరామ్ కోల్‌కతాలో కన్నుమూశాడు. ఆ రాత్రి ముసలాయన అన్నం ముట్టలేదు. మార్చిలో సెమీఫైనల్. ఏటీకే మోహన్ బగాన్‌తో ఇక్కడా, అక్కడా రెండు మ్యాచ్‌లూ గోల్ లేకుండా ముగిశాయి. కోల్‌కతాలో పెనాల్టీల్లో ఓడిపోయారు. మనోలో గోవా జట్టుకు వెళ్లిపోయాడు.

ఇక్కడి నుంచి పతనం. ఓటములు ఏ జట్టుకైనా ఉంటాయి. ఇది వేరే. జీతాలు అందడం లేదన్న వార్తలు పేపర్లకెక్కాయి. బకాయిల వివాదాలు ఫిఫా దాకా పోయాయి. కొత్త ఆటగాళ్లను నమోదు చేసుకోకుండా నిషేధం పడింది. కప్పు గెలిచిన జట్టు 2024 జనవరిలో కళ్ల ముందే చెదిరిపోయింది. చింగ్లెన్‌సానా, నిఖిల్ పూజారి బెంగళూరుకు వెళ్లారు. మిగిలినవాళ్లలోనూ చాలామంది తలో దారి పట్టారు. ఒక దశలో పదకొండు మందీ భారతీయులే, అందులోనూ కుర్రాళ్లు, విదేశీ ఆటగాళ్లున్న జట్ల మీద దిగారు. ఆ పిల్లల్ని నిందించడానికి నాకు మనసొప్పదు. అలాంటి రోజుల్లో జెర్సీ తొడుక్కుని మైదానంలోకి రావడమే గొప్ప. ఆ సీజన్ లెక్క ఇది: 22 మ్యాచ్‌ల్లో ఒక్క గెలుపు, 8 పాయింట్లు.

గ్యాలరీ సంగతి చెప్పాలి. గచ్చిబౌలి అసలు అథ్లెటిక్స్ స్టేడియం. మైదానానికీ జనానికీ మధ్య పరుగుపందెం ట్రాక్ ఉంటుంది. నిండుగా ఉన్నప్పుడే ఆట దూరంగా అనిపిస్తుంది. ఖాళీగా ఉంటే ఇంకేం చెప్పను! గోల్‌కీపర్ డిఫెండర్ల మీద అరిచే అరుపు పై వరసలోకి స్పష్టంగా వినిపించేది. పని రోజు రాత్రి ఏడున్నరకు మ్యాచ్. ఐటీ కారిడార్ ట్రాఫిక్‌లో పడి రావాలి, అర్ధరాత్రి ఇల్లు చేరాలి. ఓడిపోతారని ముందే తెలుసు.

“ఇంకెందుకు పోతున్నవ్ అన్నా?” ఆఫీసులో తమ్ముడిలాంటి కుర్రాడు అడిగాడు. “పైసలిచ్చి బాధ కొనుక్కుంటవా?”

“నేను గూడ పోకపోతే ఎవరొస్తర్రా?”

అలా అన్నాడే గానీ, అతనూ కొన్ని మ్యాచ్‌లు మానేశాడు. ఆ తర్వాత ఇంకొన్ని. తోటి అభిమానుల్లో కొందరు కోపంతో మానేశారు: జీతాలివ్వని యాజమాన్యానికి మన టికెట్ డబ్బు ఎందుకివ్వాలి? కొందరు సిగ్గుతో మానేశారు. ఎక్కువమంది మామూలుగా, ఏ నిర్ణయమూ తీసుకోకుండానే, మానేశారు. అభిమానం ఒక్క రాత్రిలో పోదు. ఒక శనివారం పెళ్లి ఉంటుంది, ఇంకోసారి వాన పడుతుంది, మూడోసారి కారణం కూడా వెతుక్కోరు.

2024 ఏప్రిల్ 12. సీజన్‌లో ఆఖరి మ్యాచ్, గచ్చిబౌలిలో. అవతల మళ్లీ కేరళ బ్లాస్టర్స్. అంతకు ముందురోజే రంజాన్ పండక్కి రహీం జీవితం మీద తీసిన ‘మైదాన్’ సినిమా థియేటర్లలోకి వచ్చింది. అజయ్ దేవగణ్ రహీమయ్యాడు. ఊరి ఫుట్‌బాల్ వైభవం తెర మీద మెరుస్తున్న వారంలో ఊరి జట్టు 3-1తో ఓడి అట్టడుగున సీజన్ ముగించింది. రాసేవాడు కల్పిస్తే అతిగా ఉందంటారు. జరిగిందే ఇలా.

తర్వాతి సీజన్‌కు ముందు యాజమాన్యం మారింది. బి.సి. జిందాల్ గ్రూప్ చేతికి వచ్చింది. ఆశ చిగురించిందిగానీ జట్టు పుంజుకోలేదు. 13 జట్లలో 12వ స్థానం, 18 పాయింట్లు. అదే గచ్చిబౌలి స్టేడియానికి 2024 సెప్టెంబరులో మనోలో మార్కెజ్ భారత జట్టు కోచ్‌గా వచ్చాడు. ఇంటర్‌కాంటినెంటల్ కప్‌లో మారిషస్‌తో డ్రా, సిరియా చేతిలో 3-0. డిసెంబరు 31న సంతోష్ ట్రోఫీ ఫైనల్ కూడా అక్కడే జరిగింది, కేరళను ఓడించి బెంగాల్ గెలిచింది. అంటే ఊరికి ఫుట్‌బాల్ వస్తూనే ఉంది. మన జట్టు మాత్రమే మనది కాకుండా పోతోంది.

2025 మార్చి 12, బుధవారం. రంజాన్ మాసం. ఇఫ్తార్ ముగించుకుని కొందరు, ఆఫీసు బ్యాగులతో కొందరు వచ్చారు. మన అభిమాని ఒక్కడే వచ్చాడు, తండ్రి ఇక మెట్లెక్కలేడు. అవతల ఎవరు? చెప్పాలా! కేరళ బ్లాస్టర్స్. ఏడో నిమిషంలోనే లగాటర్ తలతో గోల్ వేశాడు. సగం ఆట ముగిసే వేళకు సౌరవ్ అనే కుర్రాడు గాల్లో వెల్లకిలా లేచి బైసికిల్ కిక్ కొట్టాడు. పుట్టింది కేరళలో, ఆడేది హైదరాబాద్‌కు. స్కోరు 1-1. ఆ సీజన్ మొత్తంలో హైదరాబాద్ కొట్టిన గోల్స్‌లో అంత అందమైనది ఇంకోటి ఉందని నేననుకోను. దాన్ని కళ్లారా చూసినవాళ్లు కొద్దిమంది. చప్పట్లు కొట్టినవాళ్లలో మలయాళీలూ ఉన్నారు.

ఇంటికొచ్చాక తండ్రి అడిగాడు: “గెలిచిన్రా?”

“లేదు నాయినా, బరాబర్ అయింది. గోల్ మాత్రం... నువ్వు చూడాల్సింది.”

గచ్చిబౌలిలో హైదరాబాద్ ఎఫ్‌సీ లీగ్ ఆట అదే చివరిదని ఆ ఇద్దరికీ తెలియదు.

జనం రాలేదు కాబట్టి జట్టు పోయిందని ఇప్పుడు సులువుగా అనేస్తున్నారు. నేనొప్పుకోను. లెక్క వేసి చూడండి. ఆరు సీజన్లు. మొదటిది అట్టడుగున. తర్వాతి రెండూ, కప్పుతో సహా, జనానికి అందని గోవాలో. నాలుగోది బ్రహ్మాండం. ఐదు, ఆరు కుప్పకూలిన సీజన్లు. సొంత ఊరి జనం ముందు మంచి ఆట ఆడింది ఒకే ఒక్క ఏడాది. అభిమానానికి అలవాటు కావాలి, అలవాటుకు ఏళ్లు కావాలి. కేరళ జనానికి ఆ ఏళ్లు దొరికాయి, వాళ్లు కప్పు ఒక్కసారీ గెలవకపోయినా. మనకు దొరకలేదు. ఖాళీ కుర్చీలు జబ్బుకు లక్షణాలు, జబ్బు కాదు.

2025 అక్టోబరులో క్లబ్ ఢిల్లీకి తరలిపోయింది. ఇప్పుడు దాని పేరు స్పోర్టింగ్ క్లబ్ ఢిల్లీ. 2019లో ఢిల్లీ డైనమోస్‌ను భువనేశ్వర్‌కు పంపించుకున్న ఊరికి ఆరేళ్ల తర్వాత మన జట్టు చేరింది. పుణె వాళ్ల బాధ ఇప్పుడు మనకు అర్థమవుతుంది.

రేపు ఇంకెవరైనా ‘హైదరాబాద్’ పేరుతో జట్టు తెస్తామని వస్తే తప్పకుండా వెళ్లండి, పిల్లల్నీ తీసుకెళ్లండి. కానీ టికెట్ కొనే ముందు ఒక్క ప్రశ్న అడగండి: ఆటగాళ్లకు జీతాలిస్తున్నారా?