యాకోబి ఇంటిపేరు: రక్తమా, చరిత్రా?

జనగామ నుండి మహబూబాబాద్, భూపాలపల్లి దాకా ఏ బడిలో హాజరుపట్టీ తిరగేసినా యాకయ్యలు, యాకమ్మలు కనిపిస్తారు. వారిలో ఎక్కువమంది హిందువులే. పర్వతగిరి దగ్గరి అన్నారంలో యాకూబ్ షావలీ దర్గా ఉన్నది. అక్కడ మొక్కుకున్నవారు పుట్టిన బిడ్డకు ఆ పేరు పెట్టుకుంటారు. హీబ్రూ యాకోవ్ అరబ్బీలో యాకూబ్ అయింది. తెలుగు బైబిలులో యాకోబు అయింది. ఇజ్రాయేలు పన్నెండు గోత్రాల మూలపురుషుడి పేరది. అంతమాత్రాన మన యాకయ్యను యూదుడని ఎవరూ అనరు. పేరు వచ్చిన దారి వేరు, మనిషి వచ్చిన దారి వేరు.

ఇదే పేరు గుంటూరు జిల్లాలో మరొక చరిత్రకు కారణమైంది. చేబ్రోలు పక్కనున్న కొత్తరెడ్డిపాలెంలో యాకోబి అనే ఇంటిపేరుగల కుటుంబం నాయకత్వాన కొన్ని మాదిగ కుటుంబాలు 1980ల చివర తాము యూదులమని ప్రకటించుకున్నవి. 1991లో ప్రార్థనామందిరం నెలకొల్పుకున్నవి. క్రీ.పూ. ఎనిమిదవ శతాబ్దంలో అసీరియన్లు చెదరగొట్టిన గోత్రాలలో ఎఫ్రాయీం గోత్రం తమదని వారి వాదం. గొడ్డుమాంసం తినడం, శవాన్ని పూడ్చిపెట్టడం ఊరి దృష్టిలో అంటరానితనపు గుర్తులు. వారి దృష్టిలో యూదత్వానికి సాక్ష్యాలు. తెలుగుకూ హీబ్రూకూ పోలికలున్నాయని కూడా వాదించారు.

భాషాశాస్త్రం ఈ వాదాన్ని బలపరచదు. తెలుగు ద్రావిడ భాష, హీబ్రూ సెమిటిక్ భాష. ఏ రెండు భాషల్లోనైనా ధ్వనిసామ్యంగల పదాలు దొరుకుతవి. కోస్తా మాదిగపల్లెల్లో బైబిలు పేర్లు నిలవడానికి దగ్గరి కారణమే ఉన్నది. 1878 జూలైలో ఒంగోలు ప్రాంతంలో అమెరికన్ బాప్టిస్టులు ఒకే రోజున 2,222 మందికి బాప్తిస్మమిచ్చారు. ఆ మందిలో అత్యధికులు మాదిగలే.

అయితే వాదం నిలవలేదని నవ్వి ఊరుకోవడం శాస్త్రీయ దృక్పథం కాదు. భరద్వాజ గోత్రమని చెప్పుకునేవాణ్ణి మనం ఎన్నడైనా రుజువు అడిగామా? ఋషిసంతతి అన్నమాట నిరాటంకంగా చెల్లుతున్నప్పుడు, మాదిగ చెప్పుకున్న పూర్వచరిత్ర మాత్రమే ఎందుకు హాస్యాస్పదమవుతున్నది? 2013లో యూలియా ఎగొరోవా, షాహిద్ పర్వేజ్‌లు ఈ సమాజంపై ప్రచురించిన గ్రంథం కూడా దీనిని కులసమస్యతో కలిపే పరిశీలించింది. క్రైస్తవంలో చేరినా మాలపల్లె, మాదిగపల్లె కలవలేదు. పైగా 1950 నాటి రాష్ట్రపతి ఉత్తర్వు క్రైస్తవుడైన మాదిగకు షెడ్యూల్డు కులపు హోదా లేకుండా చేసింది. యూదుడికీ ఆ హోదా లేదు. అంటే గౌరవం వెతుక్కుంటూ పోయినవాడు హక్కును పోగొట్టుకోవలసి వస్తున్నది.

మన జనగామకే తిరిగి వద్దాం. విసునూరు దేశ్‌ముఖుకు ఎదురుతిరిగి తన పంటను దక్కించుకున్న పాలకుర్తి ఐలమ్మ ఇంటిపేరు చిట్యాల. లోకం ఆమెను చాకలి ఐలమ్మగానే ఎరుగును. ఆమె పక్షాన నిలిచిన మనమూ అలాగే రాశాము. బమ్మెర అనే ఊరు పోతనకు ఇంటిపేరై ఆరువందల యేళ్ళుగా నిలిచి ఉన్నది. ఐలమ్మ ఇంటిపేరును మాత్రం కులం మింగేసింది. ఇంటిపేరు దక్కనివారు ఎఫ్రాయీం దాకా వెళ్ళి వెతుక్కుంటే తప్పు వారిది కాదు. యాకోబి అనే పేరులో యూదరక్తపు ఆనవాలు దొరకదు. ఈ సమాజం వారికి ఏ పేరూ మిగల్చలేదన్న సాక్ష్యం మాత్రం దొరుకుతుంది. చరిత్రకారుడు చదవవలసినది దానిని.