వక్ఫ్ పర్యవేక్షణ: కడప, కర్నూలు చరిత్ర నేర్పే పాఠం

వక్ఫ్ ఆస్తి అల్లాహ్ మార్గంలో అంకితమైన అమానత్. ఖైబర్‌లోని తన భూమిని వక్ఫ్ చేసిన హజ్రత్ ఉమర్ (రజి) దానిని అమ్మరాదని, బహూకరించరాదని, వారసత్వంగా పంచరాదని షరతులు పెట్టి ఊరుకోలేదు. తన తరువాత దాని ఆలనాపాలనా చూసే బాధ్యతను కుమార్తె హజ్రత్ హఫ్సా (రజి)కు అప్పగించారు. కాబట్టి పర్యవేక్షణ వక్ఫ్‌తోపాటే పుట్టిన విధి అని గ్రహించాలి.

మన ప్రాంతంలో ఈ విధి ఎన్నో చేతులు మారింది. 1800లో నిజాం దత్తమండలాలను వదులుకోవడంతో కడప ఈస్టిండియా కంపెనీ పాలనలోకి వచ్చింది. 1817 నాటి మద్రాసు 7వ రెగ్యులేషన్ మస్జిదుల, దేవాలయాల మాన్యాల పర్యవేక్షణను రెవెన్యూ బోర్డుకు ఒప్పగించింది. అప్పటికి కర్నూలు నవాబుల ఏలుబడిలోనే ఉంది. 1839లో నవాబు గులాం రసూల్ ఖాన్‌ను పదవీచ్యుతుని చేసిన తరువాతనే అది కంపెనీ వశమైంది.

అన్యమత సంస్థలను ప్రభుత్వం నిర్వహించరాదని క్రైస్తవ మిషనరీలు ఆందోళన చేయగా, 1840ల నుంచి కంపెనీ తప్పుకోసాగింది. 1863 నాటి 20వ చట్టం ఈ బాధ్యతను స్థానిక కమిటీలకు వదిలింది. ముతవల్లీ జిల్లా కోర్టుకు లెక్కలు సమర్పించాలని 1923 చట్టం ఆదేశించింది. సర్వే, రిజిస్టరు, రాష్ట్ర బోర్డు అనే పూర్తి యంత్రాంగం 1954 చట్టంతోనే వచ్చింది. కర్నూలు ఆంధ్ర రాష్ట్ర రాజధానిగా ఉన్న రోజులవి. 1956 నాటి ఇనాముల రద్దు చట్టం కింద సంస్థల ఇనాం భూములకు సంస్థ పేరుతోనే రైత్వారీ పట్టా పొందే హక్కు ఏర్పడింది. సంస్థ తరఫున అడిగే బాధ్యుడు లేనిచోట ఆ హక్కు కాగితానికే పరిమితం కాగలదు.

1995 చట్టం బడ్జెట్టు, ఆడిట్, ముతవల్లీ తొలగింపు మొదలైన అధికారాలను బోర్డుకు ఇచ్చింది. అయితే నికరాదాయం 10,000 రూపాయలు దాటని వక్ఫ్‌లు లెక్కల పట్టీ పంపితే చాలునని, వాటిలో ఏటా నూటికి 2 మాత్రమే ఆడిట్ కావాలని నిర్ణయించింది. ఈ పరిమితి 2013లో 50,000కు, 2025లో లక్షకు పెరిగింది. నూటికి 2 చొప్పున వరుసగా చూసినా ఒక్కొక్క వక్ఫ్ వంతు రావడానికి 50 ఏళ్లు పడుతుంది. వానలపై ఆధారపడిన మెట్టపొలాలే జీవనాధారమైన మన చిన్న మస్జిదులకు, ఖబ్రస్తాన్‌లకు ఇది చిన్న విషయం కాదు.

బోర్డే పనిచేయని కాలం కూడా వచ్చింది. 2023లో ఏర్పాటైన ఆంధ్రప్రదేశ్ బోర్డు అధ్యక్ష ఎన్నికపై హైకోర్టు స్టే కారణంగా స్తంభించింది. ఆ ఉత్తర్వును ప్రభుత్వం 2024 నవంబరు 30న ఉపసంహరించుకుంది. 2025 సవరణ చట్టం బోర్డు కూర్పునే మార్చింది. దానిలోని కొన్ని నిబంధనలను సుప్రీంకోర్టు 2025 సెప్టెంబరు 15న తాత్కాలికంగా నిలిపివేసింది.

రెండు శతాబ్దాలలో పర్యవేక్షకులు మారారు, చట్టాలు మారాయి. ముతవల్లీని లెక్క అడిగే బాధ్యత మాత్రం జమాఅత్‌ను విడిచిపోలేదు. ప్రతి మహల్లాలోనూ వక్ఫ్ సర్వే పత్రం, పట్టా, అడంగల్ నకళ్లను భద్రపరచి, ఏటా ఆదాయవ్యయాలను జమాఅత్ ముందు చదివించడం అవసరం. అమానత్ విషయంలో మనమందరం జవాబుదారులమే.