తొడుగుకొనువానిని అడిగితిరా?

కొత్త చెప్పు కాలిని కరచినయెడల నాలుగడుగులు వేయకమునుపే మనకు తెలియును. కుంటుదుము, వారు సడలింతుము, వల్లకానియెడల విడిచి చేతబట్టుకొని నడతుము. నొప్పిని మనము శత్రువని తలంచుదుము గాని అది మన కాలికి కావలివాడు. ఆ కావలివాడు లేని సహోదరులును సహోదరీలును మన గ్రామములలో ఇప్పటికిని ఉన్నారు. కుష్ఠురోగము వారి నరములను చెరిపినది. మందువలన రోగము కుదిరినను బొత్తిగా చచ్చిన నరము తిరిగి బ్రదుకదు. ముల్లు గ్రుచ్చుకొన్నను, చెప్పు కరచినను వారి పాదము పలుకదు. ఇట్టివారికొరకు చేయబడిన చెప్పుయొక్క చరిత్ర చిన్నదే. అయినను ఇతరులకొరకు ఏ వస్తువునైనను చేయువారందరికి అందులో ఒక పాఠమున్నది.

మన ప్రాంతములో ఈ చరిత్రతో సంబంధము గల స్థలము సాలూరు. అది తూర్పు కనుమల యడుగున, జయపురము పోవు దారిలో ఉన్నది. 1979లో విజయనగరము జిల్లా ఏర్పడినది మొదలు 2022 వరకు ఆ జిల్లాలో ఉండి, ఇప్పుడు పార్వతీపురం మన్యం జిల్లాలో చేరియున్నది. 1882లో జయపురము సీమకు వచ్చిన జర్మను దేశపు బ్రెక్లుం మిషనువారి సేవ సాలూరు, పార్వతీపురముల వైపునకు కూడ వ్యాపించెను. సాలూరులోని కుష్ఠు ఆసుపత్రి పేరు ఫిలదెల్ఫియ. ఆ గ్రీకు మాటకు సహోదర ప్రేమ అని అర్థము. 1874లో వెల్లెస్లీ బెయిలీ స్థాపించిన లెప్రసీ మిషను పరిచర్యకు చెందిన ఆసుపత్రి అది.

పూర్వము ఈ రోగుల వ్రేళ్లును పాదములును అరిగిపోవుట చూచి, రోగమే మాంసమును తినివేయుచున్నదని వైద్యులు సహా తలంచిరి. చేయదగినదేమియు లేదనుకొని వారిని దూరముగా ఉంచిరి. 1898నాటి చట్టము అట్లు వేరుచేయుటకు అధికారమిచ్చెను. అది 2016లో గాని రద్దు కాలేదు. ఇట్టి కాలములో, 1946లో, పాల్ బ్రాండ్ అను శస్త్రవైద్యుడు వెల్లూరు క్రైస్తవ వైద్య కళాశాలకు వచ్చెను. ఆయన 1914లో తమిళ దేశపు కొల్లిమలలో మిషనెరీల కుమారుడుగా పుట్టినవాడు. వంకరబోయిన వ్రేళ్లను శస్త్రచికిత్సతో చక్కచేయుటకు ఆయన పూనుకొనెను. చక్కబడిన చేతులతో వారు పని నేర్చుకొనుటకు నవజీవ నిలయమను చిన్న పల్లెవంటి స్థలమును ఏర్పరచి, వడ్రంగము నేర్పించెను.

అక్కడనే గొప్ప సంగతి బయటపడెను. కుదిరిన చేతులకు మరల గాయములు కనబడుచుండెను. కారణమేమని వైద్యుడు ఒంటరిగా కూర్చుండి ఆలోచింపలేదు. ఆ యౌవనస్థులనే పరిశోధకులుగా చేసెను. ప్రతిదినము తమ చేతులను కాళ్లను తామే పరీక్షించుకొని, కనబడిన ప్రతి పుండునకు మూలము వెదకవలెనని ఏర్పాటు జరిగెను. ఒకనికి సుత్తి పిడి, ఒకనికి పొయ్యిమీది వేడి గిన్నె కారణముగా తేలెను. కొందరి వ్రేళ్లు రాత్రికి రాత్రి ఎట్లు తగ్గుచున్నవో ఎవరికిని తెలియలేదు. ఒక బాలుడు మేలుకొని కనిపెట్టగా, నిద్రించువారి వ్రేళ్లను ఎలుకలు కొరుకుచున్నట్లు కనబడెను. స్పర్శ లేదు గనుక వారు మేలుకొనలేదు. అటుపిమ్మట వారికి పిల్లులనిచ్చిరి! రోగము మాంసమును తినుట లేదనియు, నొప్పి తెలియక కలుగు గాయములే అవయవములను పోగొట్టుచున్నవనియు ఇట్లు రుజువాయెను. దీనిని రుజువుచేయుటలో రోగులకు పాలున్నది.

పాదముల సంగతియు అట్టిదే. ఒక పెద్ద దెబ్బకంటె, ఒకేచోట వేలకొలది అడుగుల ఒత్తిడి పడుటవలన పుండ్లు పుట్టుచున్నవని బ్రాండ్ గ్రహించెను. మనకైతే అచ్చట నొప్పి పుట్టగానే నడక కొంచెము మార్చుకొందుము, వారు మార్చుకొనరు. కాబట్టి ఎన్నో విధములైన పాదరక్షలు చేయించి చూచిన పిమ్మట, సన్నని గాలిబుడగలు గల మెత్తని రబ్బరు తగినదని తేలెను. దానినే మైక్రోసెల్యులర్ రబ్బరు అందురు, వాటికి ఎం.సి.ఆర్. చెప్పులని పేరు. వ్రేలితో నొక్కిన దిగి, విడిచిన లేచునంతటి మెత్తదనము పైన. ముల్లు దిగని గట్టి అట్ట క్రింద. మేకులు కొట్టరు, ఎందుకనగా ఊడిన మేకు పాదములో దిగినను అతనికి తెలియదు. మడమ వెనుక ఒక వారు కుట్టుదురు, ఎందుకనగా చెప్పు జారిపోయినను తెలియక అతడు వట్టి కాలితో నడచిపోవును. ఇంత ఆలోచన ఆ చిన్న వస్తువులో ఉన్నది.

అయినను ఒక సంగతి మిగిలిపోయెను. ఆసుపత్రి ఇచ్చిన చెప్పులు చాలచోట్ల ఒకే నలుపు, ఒకే తీరు. వాటిని చూడగానే సంతలో జనులు తొడిగినవాని రోగమును గుర్తుపట్టిరి. పాదమును కాపాడు చెప్పు మనుష్యుని పరువు తీసెను. అందుచేత అనేకులు వాటిని ఇంట దాచి, పుండు పడినను సరే అని వట్టి కాళ్లతోనో బజారు చెప్పులతోనో వెళ్లిరి. ఊడ్పు చేలో బురద పట్టగా విడిచినవారు ఉన్నారు. ఇంటి గడపయొద్ద చెప్పులు విడుచుట మన ఆచారము. కాబట్టి లోపల తిరుగునంతసేపును ఆ పాదమునకు కాపుదల లేదు. పాదముయొక్క సంగతి వైద్యునికి తెలిసినది. పాదముగల మనుష్యుని దినచర్య అతనికే తెలియును. చెప్పు కరచినది అతడు చెప్పలేకపోవచ్చును గాని, అది తొడిగి ఎక్కడికి పోలేకున్నాడో చెప్పగలడు. తరువాతి కాలమున వారి మాట విని, రంగులును తీరులును మార్చి, అంగడిలో దొరకు చెప్పులవలె కనబడునట్లు చేయ మొదలుపెట్టిరి. అట్టి వాటిని సంతోషముగా తొడుగుకొనిరి.

ఇదే పాఠమును లోకము ఇతర స్థలములలోను నేర్చుకొన్నది. ఫ్రాన్సు దేశములో బార్బియే అను సైనికాధికారి, చీకటిలో చేతితో తడిమి చదువుటకు పండ్రెండు చుక్కల లిపిని చేసెను. అతడు చూపుగలవాడు. దానిని నేర్చుకొన్న అంధబాలుడైన లూయీ బ్రెయిల్, పండ్రెండు చుక్కలు వ్రేలికొన క్రింద ఒక్కసారిగా ఇమడవని ఎరిగి, 1824లో, తన పదునైదవ యేట, ఆరు చుక్కల లిపిని ఏర్పరచెను. అయినను అతడు చదివిన పాఠశాల దానిని అంగీకరించినది 1854లో. అతడు 1852లోనే మరణించెను. 1951లో భారత భాషలన్నిటికి అట్టి ఆరు చుక్కల లిపియే ఏర్పడినందున, నేడు తెలుగు అంధులును వ్రేళ్లతో చదువుచున్నారు. జయపూరులో 1960 దశకమున రామచంద్ర శర్మ అను శిల్పియు, పి. కె. సేఠీ అను వైద్యుడును కలిసి చేసిన కృత్రిమ పాదము కథయు ఇట్టిదే. పాశ్చాత్య దేశపు పాదమునకు బూటు కావలెను, దానితో గొంతుకూర్చుండ వీలులేదు. మన రైతు గొంతుకూర్చుండును, మడమ దిగు పొలములో నడచును. ఆ సంగతిని లెక్కించినందున వారి రబ్బరు పాదము నిలిచెను.

యెరికో మార్గములో బర్తిమయి కేకవేసినప్పుడు, అతడు గ్రుడ్డివాడని అందరికిని కనబడుచునే యుండెను. అయినను ప్రభువు అతని కోరిక ఏమిటో అతని నోటనే పలికించెను. జనసమూహము అతనిని ఊరకుండుమని గద్దించగా, ఆయన అతని మాటకొరకు నిలిచెను. సహాయము చేయుటకు ముందు అడుగుట ఆయన మర్యాద.

1981లో ప్రపంచ ఆరోగ్య సంస్థ సిఫారసు చేసిన మందుల కూర్పు, ఆ దశాబ్దములోనే మన శ్రీకాకుళము, విజయనగరము జిల్లాలకు వచ్చి అనేకులను బాగుచేసెను. 2016నాటి వికలాంగుల హక్కుల చట్టము, కుష్ఠు కుదిరినవారిని కూడ తన 21 వర్గములలో చేర్చి, వస్తువులును కట్టడములును అందరికి పనికివచ్చునట్లు రూపొందవలెనని చెప్పుచున్నది. చట్టము చేయవలసినది చేసినది. సంఘము చేయవలసినది ఏది?

మన ఆలయముల వాకిట చెప్పులు విడిచి లోపలికి వచ్చుచున్నాము. భక్తితో చేయుచున్న పని అది. అయితే స్పర్శలేని పాదము గల సహోదరుడు మధ్యాహ్నపు ఎండలో కాలిన బండలమీద వట్టి కాలితో నడచి లోపలికి వచ్చినయెడల, ఆరాధన ముగియకమునుపే అతని అరికాలు బొబ్బలెక్కవచ్చును. అతనికి తెలియదు, మనకును తెలియదు. సంఘపెద్దలారా, అతనిని ప్రక్కకు పిలిచి మృదువుగా అడుగుడి. శుభ్రమైన చెప్పులతో లోపలికి రావచ్చునని చెప్పిన అతనికి మేలో, అందరిలో వేరుగా కనబడకుండ వాకిటనుండి చాపలు పరచిన మేలో అతడే చెప్పును. క్రొత్త ఆలయమునకు పునాది త్రవ్వకమునుపే, చక్రముల కుర్చీలో వచ్చువారిని, కర్రపై ఆనుకొని వచ్చు అవ్వను, చూపులేని పాటగానిని పిలిచి, మెట్లెక్కడ, గట్టెక్కడ, కూర్చుండు స్థలమెక్కడ అని సంప్రదించుడి. కట్టిన తరువాత గోడ పగులగొట్టుటకంటె, కట్టకమునుపు అడుగుట తేలిక. ఆ అడుగుటలోనే వారు సంఘములో అతిథులు కారు, అవయవములని వారికిని మనకును తెలియును.