పోలిక పేర్ల మోసం: కంటి చూపు నుంచి ఏఐ సహాయకాల వరకు

లక్ష్యాలు

ఈ పాఠం చదివిన తర్వాత మీరు డొమైన్ పేర్లలో పోలిక మోసాలు ఎలా మొదలయ్యాయో, వాటిని ఎదుర్కోవడానికి న్యాయస్థానాలు, సాంకేతిక సంస్థలు ఏం చేశాయో, ఏఐ సహాయకాలకు గుర్తింపు సాధనాలను ఎందుకు జోడిస్తున్నారో వివరించగలుగుతారు.

ప్రస్తావన

పరీక్ష ఫీజు చెల్లించమంటూ మీ ఫోన్‌కు ఒక లింకు వచ్చిందనుకోండి. అందులో మీకు తెలిసిన పేరే కనిపిస్తుంది. మీరు దాన్ని అక్షరం అక్షరంగా చదవరు. చదువు అలవాటైన ఎవరైనా పదాన్ని మొత్తంగా గుర్తుపడతారు. కంప్యూటరు అలా చేయదు. అది ప్రతి అక్షరానికి కేటాయించిన సంఖ్యను చూస్తుంది. ఒక్క సంఖ్య మారినా దాని లెక్కలో అది పూర్తిగా వేరే చిరునామా. మనిషి చదివే తీరుకూ యంత్రం చదివే తీరుకూ మధ్య ఉన్న ఈ తేడాయే పోలిక పేర్ల మోసానికి ఆధారం. పేరును సరిచూసే భారాన్ని వినియోగదారుడి కంటి మీదే వదిలేసినంతకాలం ఈ మోసానికి అడ్డు లేకపోయిందని ఈ చరిత్ర చెబుతుంది.

పేర్ల పట్టిక నుంచి పేర్ల మార్కెట్‌కు

ఇంటర్నెట్‌కు ముందున్న ఆర్పానెట్‌లో కంప్యూటర్ల పేర్లన్నీ ఒకే పట్టికలో ఉండేవి. అమెరికాలోని స్టాన్‌ఫర్డ్ పరిశోధనా సంస్థలో ఎలిజబెత్ ఫైన్‌లర్ నాయకత్వంలోని బృందం దాన్ని నిర్వహించేది. కొత్త పేరు కావాలంటే వారినే అడగాలి. అడిగేవారు ఎవరో వారికి తెలుసు కాబట్టి నకిలీ పేరుకు అవకాశం తక్కువ. కంప్యూటర్లు పెరిగేకొద్దీ ఈ పద్ధతి సరిపోలేదు. 1983లో పాల్ మోకాపెట్రిస్ డొమైన్ పేర్ల వ్యవస్థను రూపొందించారు. పేర్ల నిర్వహణ అనేక చోట్లకు పంపిణీ అయింది. 1995లో పేర్ల నమోదుకు రుసుము మొదలైంది. 1999 నుంచి నమోదు సంస్థల మధ్య పోటీ వచ్చింది. రుసుము చెల్లించినవారికి పేరు దొరికే కాలం అది.

ఆ కాలంలోనే, 1990ల మధ్యలో, అమెరికా ఆన్‌లైన్ ఖాతాదారుల పాస్‌వర్డులను మాయమాటలతో రాబట్టే మోసానికి ఫిషింగ్ అనే పేరు వచ్చింది. 2000లో పేపాల్ ఖాతాదారులకు వచ్చిన ఈమెయిళ్లలో ఇంగ్లిషు పేరు చివరి చిన్న ‘ఎల్’ స్థానంలో పెద్ద ‘ఐ’ ఉంది. తెరమీద రెండూ ఒకే నిలువు గీతగా కనిపించాయి. ఇలా ఫిషింగ్, పోలిక పేరు ఒకటయ్యాయి.

న్యాయస్థానాల ముందుకు ఒక్క అక్షరం

1999లో డొమైన్ పేర్లను పర్యవేక్షించే ఐకాన్ సంస్థ వివాదాల పరిష్కారానికి ఒక ఏకరూప విధానాన్ని ఆమోదించింది. భారతదేశంలో ముఖ్యమైన తీర్పు 2004లో వెలువడింది. సత్యం ఇన్ఫోవే సంస్థ ‘సిఫీ’ అనే పేరుతో ఇంటర్నెట్ సేవలు అందించేది. మరొక సంస్థ అదే పేరులో ఇంగ్లిషు ‘ఎఫ్’ను రెండుసార్లు రాసి డొమైన్ నమోదు చేసుకుంది. తమ ప్రమోటర్ల పేర్లలోని మొదటి అక్షరాలతో ఆ పేరు ఏర్పడిందని వాదించింది. సుప్రీంకోర్టు ఆ వాదనను అంగీకరించలేదు. డొమైన్ పేరుకు కూడా వ్యాపార చిహ్నానికి ఉన్నట్లే రక్షణ ఉంటుందని తేల్చింది.

ఈ కేసును మీరు గుర్తుంచుకోవాలి. రెండు పేర్ల మధ్య ఒక్క అక్షరమే తేడా అని చెప్పడానికి న్యాయమూర్తి అవసరం లేదు. ఆ పేరును ఏ ఉద్దేశంతో తీసుకున్నారో నిర్ణయించడానికి మాత్రం రెండు పక్షాల వాదనలు, సాక్ష్యాలు కావలసి వచ్చాయి. పోలిక ఒక కొలత. దురుద్దేశం ఒక నిర్ణయం. కింద చర్చించే సాధనాలన్నింటికీ ఈ తేడా వర్తిస్తుంది.

లిపులు పెరిగాయి, పోలికలూ పెరిగాయి

ఇజ్రాయెల్‌లోని టెక్నియాన్‌కు చెందిన ఇద్దరు పరిశోధకులు 2002లో ఒక ప్రయోగాన్ని వివరించారు. మైక్రోసాఫ్ట్ పేరులోని కొన్ని ఇంగ్లిషు అక్షరాల స్థానంలో అచ్చంగా వాటిలాగే ఉండే రష్యన్ అక్షరాలు పెట్టి డొమైన్ నమోదు చేశారు. కంటికి తేడా తెలియదు. మరుసటి ఏడాది ఇతర లిపుల్లోని పేర్లను డొమైన్ వ్యవస్థ అర్థం చేసుకునే రూపంలోకి మార్చే ప్యూనీకోడ్ ప్రమాణం వచ్చింది. ఇంగ్లిషు రానివారికి ఇది నిజమైన మేలు. అయితే మోసగాడికి దొరికే అక్షరాలూ పెరిగాయి. లిపులు కలగలిసిన పేర్లను అనుమానించాలని బ్రౌజర్లు నేర్చుకున్నాయి. 2017లో ఒక పరిశోధకుడు ఆపిల్ పేరును మొత్తంగా సిరిలిక్ అక్షరాలతోనే రాసి ఆ జాగ్రత్తను దాటవచ్చని చూపాడు. అందులో లిపుల కలయికే లేదు.

ఈ సమస్య మనకు దూరమైనది కాదు. తెలుగు, కన్నడ లిపులు ఒకే మూలం నుంచి వచ్చాయి. ర, ల, జ వంటి అక్షరాలు రెండింటిలో దాదాపు ఒకేలా ఉంటాయి. కంప్యూటరుకు మాత్రం అవి వేర్వేరు సంఖ్యలు. అందుకే డొమైన్ పేర్లలోని చివరి భాగానికి 2019లో తెలుగు నియమాలు చేర్చినప్పుడు కన్నడతో ఉన్న పోలికలను కూడా లెక్కలోకి తీసుకున్నారు.

పోలికను లెక్కగట్టే సాధనాలు

కన్ను చేయలేని పనిని లెక్క చేయగలదు. ఒక పదాన్ని మరొక పదంగా మార్చడానికి ఎన్ని అక్షరాలు చేర్చాలి, తీసేయాలి, మార్చాలి అనే కొలతను 1965లో సోవియట్ గణితవేత్త వ్లాదిమిర్ లెవెన్‌స్టైన్ ప్రతిపాదించారు. ఒకేలా కనిపించే అక్షరాల పట్టికలను యూనికోడ్ సంస్థ ప్రచురించింది. 2015లో వెలువడిన డీఎన్ఎస్‌ట్విస్ట్ వంటి ఉచిత ప్రోగ్రాములు పనిని తిరగేసి చేస్తాయి. అసలు పేరు ఇస్తే, దానికి రాగల పోలిక పేర్లన్నీ తామే తయారుచేసి, వాటిలో ఏవి ఇప్పటికే నమోదయ్యాయో, ఏవి ఈమెయిల్ అందుకోవడానికి సిద్ధంగా ఉన్నాయో పరిశీలిస్తాయి. వెబ్‌సైట్ల భద్రతా ధ్రువపత్రాలు బహిరంగ చిట్టాల్లో నమోదు కావాలని 2018లో క్రోమ్ పట్టుబట్టడంతో, కొత్త నకిలీ పేర్లను తొలిరోజుల్లోనే గమనించే వీలు పెరిగింది.

ఇంత ఉన్నా ఒక లోటు మిగిలింది. ఈ సాధనాలు భద్రతా నిపుణుల చేతిలో ఉన్నాయి. లింకు మాత్రం సామాన్యుడి ఫోన్‌కు వస్తుంది.

ఏఐ సహాయకాల పాత్ర

2022 చివర చాట్‌జీపీటీ వచ్చాక, అనుమానం కలిగిన సందేశాన్ని ఏఐ సహాయకానికి చూపించి అడిగే అలవాటు మొదలైంది. కానీ భాషా నమూనా కూడా పేరును అక్షరం అక్షరంగా చదవదు. పదాన్ని ముక్కలుగా విడగొట్టి తీసుకుంటుంది. పైగా నిన్న నమోదైన డొమైన్ గురించి దాని శిక్షణలో ఏమీ ఉండదు. అయినా ధీమాగా జవాబు చెప్పగలదు. అంటే, మనిషి కంటికి ఉన్న బలహీనత మరొక రూపంలో దానికీ ఉంది.

అందుకే సహాయకాన్ని గుర్తింపు సాధనంతో జోడిస్తారు. 2024 నవంబరులో ఆంత్రోపిక్ సంస్థ ప్రకటించిన మోడల్ కాంటెక్స్ట్ ప్రోటోకాల్ ఇటువంటి జోడింపుకు ఒక ఉమ్మడి పద్ధతి. సాధనం తాను ఏం చేయగలదో, ఏ సమాచారం కావాలో ప్రకటిస్తుంది. మీరు లింకు గురించి అడిగినప్పుడు సహాయకం ఆ పేరును సాధనానికి పంపుతుంది. ఏ పేరుతో ఎంత పోలిక ఉంది, ఎప్పుడు నమోదైంది వంటి వివరాలు తిరిగి వస్తాయి. సహాయకం వాటిని మీకు మామూలు తెలుగులో చెబుతుంది. ఊహ స్థానంలో కొలత వస్తుంది.

దీనికి మూడు పరిమితులున్నాయి. ఒకటి, సహాయకం సాధనాన్ని అడగకుండానే జవాబు చెప్పవచ్చు. రెండు, మోసగాడు తన పేజీలో సహాయకాన్ని తప్పుదారి పట్టించే ఆదేశాలు దాచిపెట్టవచ్చు. మూడు, పోలిక దొరకలేదంటే పేరు సురక్షితమని కాదు. ఎవరినీ పోలని పేరుతోనూ మోసం చేయవచ్చు. అలాగే పోలిక ఉన్న ప్రతి పేరూ మోసం కాదు. సిఫీ కేసు చెప్పిన తేడా ఇక్కడా నిలుస్తుంది.

నకిలీని వెతకడానికి బదులు అసలును గుర్తించడం మరొక మార్గం. భారతీయ బ్యాంకులు 2025 అక్టోబరు 31లోగా ‘బ్యాంక్.ఇన్’తో ముగిసే పేర్లకు మారాలని రిజర్వు బ్యాంకు ఆదేశించింది. వాటి నమోదు బాధ్యత హైదరాబాదులోని ఐడీఆర్‌బీటీది. ఆర్పానెట్ కాలంలో లాగానే, పేరు అడిగేది ఎవరో చూసి ఇచ్చే పద్ధతి ఇది. అయితే ఆ ముగింపు పేరు చివరనే ఉండాలి. మధ్యలో ఉంటే లెక్కలోకి రాదు. కాబట్టి డొమైన్ పేరును కుడి చివర నుంచి చదవడం అలవాటు చేసుకోండి. డబ్బు పోయినట్లయితే వెంటనే 1930కు ఫోన్ చేయండి.

సారాంశం

డొమైన్ పేర్ల వ్యవస్థ విస్తరించినప్పుడల్లా మోసానికి కొత్త దారి దొరికింది. చట్టం, బ్రౌజరు, గుర్తింపు సాధనం, ఏఐ సహాయకం ఒక్కొక్కటిగా సరిచూసే భారంలో కొంత పంచుకున్నాయి. సాధనం సాక్ష్యం ఇస్తుంది, సహాయకం దాన్ని అర్థమయ్యేలా చెబుతుంది. నమ్మాలా వద్దా అనే నిర్ణయం, పేర్లు ఎవరికి ఇవ్వాలనే బాధ్యత మనుషులవీ సంస్థలవీ.

మీ ప్రగతిని సరిచూసుకోండి

1. ఆర్పానెట్ కాలంలో పోలిక పేర్ల మోసానికి అవకాశం ఎందుకు తక్కువ?
2. తెలుగు, కన్నడ లిపుల పోలిక డొమైన్ పేర్లలో ఎటువంటి సమస్యను తెస్తుంది?
3. ‘పోలిక ఒక కొలత, దురుద్దేశం ఒక నిర్ణయం’ — సిఫీ కేసు ఆధారంగా చర్చించండి.